ఎముక జోలికి పోని కత్తి

హోటల్ కిచెన్‌లో కమీగా చేరిన కుర్రాడికి మొదటి జీతం అందగానే పుట్టే కోరికల్లో జపాన్ కత్తి ఒకటి. ఫోన్లో వీడియోలు చూసి ఉంటాడు. టమాటా మీద కత్తి ఊరికే ఆనిస్తే చాలు, దాని బరువుకే ముక్క తెగి పక్కకు జారుతుంది. జీతంలో సింహభాగం పోసి అలాంటిదే కొంటాడు. నెల తిరక్కుండానే దాని అంచు రంపంలా తయారవుతుంది. ఆరా తీస్తే తేలేది ఒక్కటే: రద్దీ వేళలో ఎవరో దాన్ని అరువు తీసుకుని బిర్యానీకి కోడిని ముక్కలు కొట్టారు.

కత్తి మంచిదే. కొట్టినవాడికి దాని సంగతి తెలియదు. తేడా వచ్చింది కొనే దగ్గర. జపాన్ కత్తి కొనేవాళ్ళు కంపెనీ పేరు, అలుగు మీద అలలు, పిడి చెక్క చూస్తారు. అడగాల్సిన ప్రశ్నలు రెండే రెండు. డ్యూటీ మొత్తంలో దీంతో ఏం తరగాలి? మొద్దుబారితే దీనికి సాన పట్టేది ఎవరు? ఈ రెంటికీ జవాబు దొరికితే ఉక్కు రకం, పొడవు, ధర వాటంతటవే తేలిపోతాయి.

జపాన్ కత్తి అనగానే సమురాయ్ కథలు మొదలవుతాయి. వాటిలో కొంత నిజం లేకపోలేదు. 1876లో మెయిజీ ప్రభుత్వం ఖడ్గం ధరించి తిరగడాన్ని నిషేధించాక, ఖడ్గాలు చేసే కమ్మరులు చాలామంది వంటకత్తులు, పనిముట్ల వైపు మళ్ళారు. గిఫు ప్రాంతంలోని సెకీ పట్టణానికి ఖడ్గాల తయారీలో శతాబ్దాల పేరుంది. షున్ కత్తులు చేసే కాయ్ కంపెనీ 1908లో అక్కడే మొదలైంది. ఒసాకా పక్కనున్న సకాయ్ కథ వేరు. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళతో పాటు పొగాకు జపాన్‌లో అడుగుపెట్టింది. ఆ ఆకును వెంట్రుకల్లా తరగడానికి సకాయ్ కమ్మరులు చేసిన కత్తులు ఎంత బాగున్నాయంటే, టోకుగావా ప్రభుత్వం వాటికి ప్రత్యేక ముద్ర వేసుకునే హక్కు ఇచ్చింది. ఆ ఊరికి వంటకత్తుల కీర్తి పొగాకు కొట్టు మీదుగా వచ్చిందన్నమాట. ఇప్పటికీ సకాయ్‌లో ఇనుము కాల్చి సాగగొట్టేది ఒకరు, సాన పట్టేది మరొకరు, పిడి తొడిగేది ఇంకొకరు.

అయితే హోటల్ కిచెన్‌లో ఎక్కువమందికి పనికొచ్చే గ్యూతో అంత పాతదేమీ కాదు. జపాన్‌లో శతాబ్దాల పాటు గొడ్డుమాంసానికి దూరంగా ఉన్నారు. 1872లో మెయిజీ చక్రవర్తి తానే తిన్నట్టు లోకానికి తెలియజేశాడు. ఆ కాలంలోనే పాశ్చాత్య వంటకాలు, వాటితో పాటు యూరప్ షెఫ్‌ల కత్తి ఆ దేశంలోకి వచ్చాయి. ఆ ఆకారాన్ని తీసుకుని తమ గట్టి ఉక్కుతో, తమకు అలవాటైన పలుచదనంతో జపాన్ వాళ్ళు చేసుకున్నదే గ్యూతో. ఫ్రెంచి షెఫ్ కత్తికి అది దగ్గరి చుట్టం. అందుకే కాంటినెంటల్ సెక్షన్‌లో పనిచేసేవాళ్ళ చేతికి తొందరగా అలవాటవుతుంది.

తేడా అంతా ఉక్కు గట్టిదనంలో ఉంది. దాన్ని రాక్‌వెల్ స్కేలు మీద కొలుస్తారు. హోటల్ కిట్లలో కనిపించే జర్మన్ కత్తులు సాధారణంగా 56 నుంచి 58 దగ్గర ఉంటాయి. జపాన్ కత్తులు చాలావరకు 60 దాటతాయి, కొన్ని 63, 64 దాకా పోతాయి. అంకెల్లో చిన్న తేడాయే అయినా చేతిలో పెద్దది. ఉక్కు గట్టిగా ఉంటే అంచును మరింత పలుచగా, ఒక్కో వైపు 10 నుంచి 15 డిగ్రీల కోణంలో సాన పట్టవచ్చు. ఆ పదును ఎక్కువ కాలం నిలుస్తుంది కూడా. మరోవైపు గట్టి ఉక్కు వంగదు, పెచ్చు ఊడుతుంది. జర్మన్ కత్తిని ఎముక మీద కొడితే అంచు ఒరుగుతుంది, స్టీల్ కడ్డీ మీద నాలుగుసార్లు రాస్తే మళ్ళీ దారికొస్తుంది. అదే దెబ్బకు జపాన్ కత్తి అంచులో చిన్న ముక్క ఎగిరిపోతుంది. ఆ లోటు పూడాలంటే అంచు మొత్తాన్ని అంత మేర అరగదీయాల్సిందే.

మన కిచెన్లలో ఈ విషయం మరీ ముఖ్యం. ఇక్కడ మాంసం వంట చాలామటుకు ఎముకతోనే సాగుతుంది. బిర్యానీ కోడి, నల్లి ఎముకలు, వంజరం ముక్కలు అన్నీ ఎముకనో ముల్లునో అడ్డంగా నరికినవే. మటన్ కొట్లో చింతమొద్దు మీద ఆడే బరువైన కత్తి ఆ పనికే పుట్టింది. దాని స్థానంలో గ్యూతోను పెట్టకూడదు. ఫ్రీజర్‌లోంచి అప్పుడే తీసిన మాంసం, కొబ్బరి చిప్ప, గుమ్మడికాయ తొడిమ కూడా ఈ నిషేధం కిందికే వస్తాయి. దేబా అనే మందపాటి కత్తి ఉంది కదా అనవచ్చు. అది చేపల కోసం. చేప తల తీయడానికి, సన్నటి ముళ్ళు తెగ్గొట్టడానికి దాని మడమ భాగం పనికొస్తుంది. మేక తొడ ఎముక ముందు అదీ ఓడిపోతుంది. కోడిని కీళ్ళ దగ్గర విడదీసి మాంసం ఒలవడానికి హొనెసుకి ఉంది. కీలు ఎక్కడుందో తెలిసినవాడి చేతిలోనే దానికి విలువ.

కాబట్టి బచ్చరీలో పనిచేసే కుర్రాడు మొదటి కత్తిగా జపాన్ గ్యూతో కొనడం డబ్బు దండగ. ఈ అధ్యాయం అతనికి ఇచ్చే సలహా ఇంతే: ఇంకో ఏడాది ఆగాలి.

ఇక ఆకారాల సంగతి. జపాన్ కొట్లో అడుగుపెడితే గోడ నిండా కత్తులే. టోక్యోలో ఉయెనోకు, అసాకుసాకు మధ్యనున్న కప్పాబాషి వీధి మొత్తం వంటసామాన్ల కొట్లే. అక్కడికి వెళ్ళిన కొత్తవాళ్ళు సాధారణంగా అవసరానికి మించి కొనుక్కుని వస్తారు. యానగిబా సన్నగా పొడుగ్గా ఉంటుంది, పచ్చి చేపను ఒకే లాగుడులో కోయడానికి. ఉసుబా కూరగాయలను కాగితంలా విప్పడానికి. ఈ రెండూ ఒకవైపే సాన పట్టినవి. వాటిని సరిగ్గా వాడటం, సాన పట్టడం నేర్వడానికే ఏళ్ళు పడుతుంది. జపనీస్ రెస్టారెంట్‌లో పనిచేయనివాళ్ళకు వాటితో నిమిత్తం లేదు. ఎడమచేతి వాటం వాళ్ళు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఒకవైపు సాన ఉన్న కత్తులు మామూలుగా కుడిచేతికే వస్తాయి, ఎడమచేతివి విడిగా చేయించుకోవాలి, ధరా ఎక్కువే. రెండు వైపులా సాన ఉన్న గ్యూతోల్లో కూడా కొన్నింటి అంచు కుడివైపుకు మొగ్గి ఉంటుంది. కొనేముందు అడిగి తెలుసుకోవడం మేలు.

సంతోకు ఇంటి కత్తి. 165 నుంచి 180 మిల్లీమీటర్ల పొడవులో, మొన కిందికి దిగి ఉంటుంది. ఇంట్లో నలుగురికి వండేవాళ్ళకు అంతకన్నా హాయైనది లేదు. బాంకెట్ కోసం బస్తా ఉల్లిపాయలు ముందేసుకుని కూర్చున్నవాడికి మాత్రం అది కురచ. నకిరి కూరగాయలకు బాగుంటుంది, మొన లేదు కాబట్టి మాంసం జోలికి పోలేదు. అన్నీ ఆలోచించి చూస్తే మళ్ళీ గ్యూతో దగ్గరికే రావాలి.

పొడవును చాలామంది గొప్ప కోసం ఎంచుకుంటారు. చూడాల్సింది కట్టింగ్ బోర్డును. మనిషికి మనిషి తగిలే ఇరుకు స్టేషన్‌లో, చిన్న బోర్డు మీద పనిచేసేవాళ్ళకు 210 మిల్లీమీటర్లు సరిపోతుంది. చోటు దొరికితే 240 అసలైన హోటల్ కత్తి. క్యాబేజీని ఒక్క వేటుకు దాటుతుంది, మొన నుంచి మడమ దాకా లాగి కోయడానికి నిడివి ఉంటుంది. 270 పుచ్చకాయలు, పెద్ద మాంసం ముక్కలు నిత్యం చూసేవాళ్ళకే. అలుగు వెడల్పు కూడా చూసుకోవాలి. మడమ దగ్గర 45 మిల్లీమీటర్ల కన్నా తక్కువుంటే, పెద్ద చేతులున్నవాళ్ళ వేళ్ళ కణుపులు ప్రతి కోతకూ బోర్డుకు కొట్టుకుంటాయి.

ఉక్కు పేర్లు వింటే తల తిరుగుతుంది కానీ, లోపల ఉన్నది రెండు జాతులే: తుప్పు పట్టేది, అంత తొందరగా పట్టనిది. షిమానే ప్రాంతంలోని యసుగిలో తయారయ్యే కార్బన్ ఉక్కుల్లో తెల్ల కాగితం, నీలి కాగితం అనేవి పేరుపొందినవి. ఏ రకం ఉక్కుకు ఏ రంగు కాగితం చుట్టేవారో ఆ పేరే నిలిచింది. తెల్లది దాదాపు శుద్ధమైన కార్బన్ ఉక్కు, రాయి మీద వెన్నలా పదునెక్కుతుంది. నీలిదాంట్లో టంగ్‌స్టన్, క్రోమియం కలుపుతారు, పదును ఇంకాస్త ఎక్కువ నిలుస్తుంది. రెండూ తుప్పు పట్టేవే. కత్తిపీట అలుగు వాడగా వాడగా నల్లబడటం చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. ఆ నలుపు ఒక రకంగా రక్షణే. కాకపోతే అది కుదురుకునేదాకా ఉల్లిపాయ ముక్కలు రంగు మారతాయి, మామిడికాయకు, నిమ్మకాయకు ఇనుప వాసన అంటుతుంది. పులుపు లేని పూట ఉండని ఆంధ్రా కిచెన్‌లో, అందులోనూ విశాఖలాంటి ఉప్పుగాలి ఊళ్ళో, కార్బన్ కత్తి వాడేవాడు పక్కన తడిగుడ్డ, పొడిగుడ్డ రెండూ పెట్టుకుని ప్రతి పదిహేను కోతలకు తుడుస్తూ ఉండాలి. సర్వీస్ ఊపులో ఆ ఓపిక ఎందరికి ఉంటుంది?

రెండో జాతిలో అందరికీ తెలిసింది వీజీ10. ఫుకుయి ప్రాంతంలోని తకెఫు స్పెషల్ స్టీల్ దాన్ని తయారు చేస్తుంది. సుమారు ఒక శాతం కార్బన్, పదిహేను శాతం క్రోమియం, కొద్దిగా కోబాల్టు. క్రోమియం తుప్పును ఆపుతుంది, కార్బన్ పదునును నిలుపుతుంది. నీగతా ప్రాంతంలోని త్సుబామె ఊళ్ళో ఉన్న తోజిరో కంపెనీ చేసే డీపీ వరుస కత్తులు ఈ ఉక్కుతోనే వస్తాయి. వాటికి పెద్ద హంగులుండవు, పనిచేసే షెఫ్‌లు వాటిని తెగ వాడతారు. ఇంకా పైకి పోతే పొడి ఉక్కుతో చేసిన ఎస్‌జీ2 లాంటివి ఉన్నాయి. వాటి పదును నెలల తరబడి నిలుస్తుందంటారు. అది నిజమే అనుకున్నా, మొద్దుబారిన రోజున మామూలు రాయి మీద తిరిగి పదునెక్కించడం కొత్తవాళ్ళకు చుక్కలు చూపిస్తుంది. మొదటి కత్తికి అది అవసరం లేదు.

జపాన్‌లో తయారైన ప్రతి కత్తీ ఇంత సుకుమారంగా ఉంటుందనుకోవడమూ తప్పే. త్సుబామెలోనే యోషికిన్ కంపెనీ 1985లో తెచ్చిన గ్లోబల్ కత్తులు పిడితో సహా మొత్తం స్టీలే. పిడి లోపల బోలుగా ఉంచి, తూకం కుదిరేలా ఇసుక పోస్తారు. వాటి ఉక్కు గట్టిదనం 56 నుంచి 58, అంటే జర్మన్ కత్తులతో సమానం. ఆంథొనీ బోర్డెయిన్ 2000లో వచ్చిన 'కిచెన్ కాన్ఫిడెన్షియల్'లో కత్తుల సెట్లు దండగనీ, ఒక్క మంచి షెఫ్ కత్తి చాలనీ చెబుతూ గ్లోబల్‌ను మెచ్చుకున్నాడు. ఆ మాటతో ఎందరో కుర్ర షెఫ్‌లు ఆ కత్తి కొన్నారు. మెత్తటి ఉక్కు కాబట్టి పెచ్చులూడే భయం తక్కువ, సాన మాత్రం తరచూ పట్టాలి. పిడి నున్నగా ఉండి నూనె చేతికి జారుతుందని విసుక్కునేవాళ్ళూ ఉన్నారు.

అలుగు మీద కనిపించే డమాస్కస్ అలల గురించి ఒక్క మాట. కోసేది మధ్యలో ఉన్న ఒకే ఒక్క ఉక్కు పొర. పక్కల అంటించిన పొరలు దానికి కాపు, చూపుకు అందం. కోతకు అవి చేసేది దాదాపు ఏమీ లేదు. చౌకబారు కత్తుల మీద ఆ అలల్ని లేజర్‌తోనో యాసిడ్‌తోనో ముద్రిస్తారు కూడా. సోషల్ మీడియాలో జపనీస్ అక్షరాలు చెక్కి, పెద్ద డిస్కౌంటుతో కనిపించే కత్తుల ప్రకటనల్లో కంపెనీ ఏ ఊళ్ళో ఉందో, ఉక్కు పేరేమిటో, దాని గట్టిదనం ఎంతో రాయరు. ఈ మూడూ చెప్పలేని అమ్మకందారు దగ్గర కొనకూడదు.

కత్తి చేతికొచ్చాక చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. పిడి చివర కంటి దగ్గర పెట్టుకుని మొన వైపు చూస్తే, వెన్ను గీత గీసినట్టు తిన్నగా కనిపించాలి. అంచును చదునైన బోర్డు మీద ఆనించి మొన నుంచి మడమ దాకా దొర్లిస్తే మధ్యలో ఎక్కడా వెలుతురు దూరకూడదు. దూరితే అక్కడ ఎక్కువ అరగదీశారని అర్థం, ఆ చోట కొత్తిమీర తెగకుండా తోకల్లా వేలాడుతుంది. తర్వాత పట్టు. అనుభవం ఉన్న షెఫ్ పిడిని గుప్పిట పట్టడు. బొటనవేలు, చూపుడువేలు అలుగు మొదట్లో రెండు వైపులా గిల్లినట్టు పట్టి, మిగతా మూడు వేళ్ళూ పిడికి చుడతాడు. అలా పట్టినప్పుడు చూపుడువేలికి ఆనే వెన్ను చెక్కు తీసి గుండ్రంగా ఉండాలి. పదునుగా వదిలేస్తే ఎనిమిది గంటల డ్యూటీ అయ్యేసరికి అక్కడ బొబ్బ లేస్తుంది. అన్నిటికీ మించిన పరీక్ష క్యారెట్‌ది. కొట్టువాళ్ళు ఒప్పుకుంటే ఒక లావుపాటి క్యారెట్‌ను నిలువుగా కోసి చూడాలి. అంచు వెనకాల అలుగు మందంగా ఉంటే సగం కోసేసరికి టక్కుమని పగులుతుంది. పలుచటి అలుగైతే చప్పుడు లేకుండా చివరిదాకా దిగిపోతుంది. అంచు ఎంత పదునుగా ఉన్నా, వెనకాల మందం ఉంటే ఆ పదును సగమే పనికొస్తుంది. ఇది అమ్మేవాళ్ళు తమంతట తాము చెప్పరు.

ఇక సాన. అసలు ఖర్చు, అసలు చదువు ఇక్కడే. వీధిలో సైకిలు చక్రం తిప్పుతూ సాన పట్టే ఆసామి మన కత్తిపీటలకు, మటన్ కత్తులకు అక్కరకొచ్చేవాడే. కానీ పొడి చక్రం మీద నిప్పురవ్వలు లేచాయంటే అంచు వేడెక్కినట్టే. ఆ వేడికి పలుచటి గట్టి ఉక్కు తన గట్టిదనం పోగొట్టుకుంటుంది. కోణమూ పోతుంది. జపాన్ కత్తిని తడి సానరాయి మీదే పట్టాలి. నంబరు 1000 రాయి ఒకటి ఉంటే నూటికి తొంభై పనులు గడుస్తాయి. అంచుకు నునుపు కావాలంటే 3000 నుంచి 6000 మధ్య మరొకటి. పెచ్చులూడినప్పుడు గరుకుగా అరగదీయడానికి 400.

రాయి నానబెట్టే రకమైతే బుడగలు ఆగేదాకా నీళ్ళలో ఉంచాలి. కింద తడిగుడ్డ వేసి కదలకుండా పెట్టాక, అలుగును ఆనించి వెన్నును సెంటీమీటరుకు కాస్త పైగా లేపాలి. 45 మిల్లీమీటర్ల వెడల్పున్న గ్యూతోకు అది దాదాపు 15 డిగ్రీలు. ఎడమచేతి వేళ్ళు అంచు దగ్గర తేలిగ్గా నొక్కి, ముందుకు వెనక్కు రాస్తూ మొన నుంచి మడమ దాకా జరగాలి. రాయి మీద లేచే బూడిదరంగు బురదను కడిగేయకూడదు, అరగదీసే పనిలో దానికీ పాలుంది. కొంతసేపటికి అవతలి వైపు అంచున సన్నటి గరుకు పొర లేస్తుంది. బొటనవేలిని వెన్ను నుంచి అంచు వైపుకు, అంచును దాటిస్తూ మెల్లగా జరిపితే అది తగులుతుంది. అంచు పొడవునా తగిలేదాకా రెండో వైపు తిప్పకూడదు. కొత్తవాళ్ళు తప్పేది ఇక్కడే. మధ్యలో తగలగానే తిప్పేస్తారు, మొన, మడమ మొద్దుగానే మిగిలిపోతాయి. రెండో వైపూ అయ్యాక ఒత్తిడి తగ్గించుకుంటూ అటూ ఇటూ మార్చి ఆ పొరను రాల్చేయాలి. టమాటా తొక్క మీద నొక్కకుండా దిగిందంటే పని అయినట్టు. వాడగా రాయి మధ్యలో గుంట పడుతుంది. దాని మీద పెన్సిల్‌తో గళ్ళు గీసి, అవి పూర్తిగా చెరిగిపోయేదాకా చదును చేసే పలక మీద రుద్దాలి.

కిచెన్‌లో అందరూ వాడే గాళ్ళున్న స్టీల్ కడ్డీ మీద ఈ కత్తిని రాయకూడదు, అంచు పెచ్చు లేస్తుంది. మరీ అవసరమైతే నున్నటి సెరామిక్ కడ్డీ వాడొచ్చు. గ్రానైట్ గట్టు, గాజు బోర్డు, స్టీలు టేబుల్ కత్తికి శత్రువులు. హోటళ్ళలో వాడే రంగురంగుల ప్లాస్టిక్ బోర్డులు ఫర్వాలేదు. తరిగిన ముక్కల్ని అంచుతో గోకి ఎత్తే అలవాటు మానాలి, వెన్ను తిప్పి ఎత్తితే సరి. డిష్‌వాషర్‌లో వేయకూడదు. గిన్నెలు తోమే దగ్గర వదలనే కూడదు.

గల్ఫ్ హోటళ్ళలో, క్రూజ్ షిప్పుల్లో పనిచేసే తెలుగు షెఫ్‌లకు ఇంకో సంగతి. విమానంలో కత్తి చెకిన్ లగేజీలోనే, అంచుకు తొడుగు వేసి వెళ్ళాలి. క్యాబిన్ బ్యాగులో దొరికితే అక్కడే వదిలేసుకోవాలి. జపాన్‌లో సరైన కారణం లేకుండా 6 సెంటీమీటర్లు మించిన కత్తి వెంట తిప్పడం చట్టరీత్యా నేరం. కప్పాబాషిలో కొన్న కత్తిని ఊరు చేరేదాకా ప్యాకింగు విప్పకుండా ఉంచుకోవడం క్షేమం.

మొత్తం మీద ఆంధ్ర, తెలంగాణ హోటళ్ళలో కాంటినెంటల్, కోల్డ్ కిచెన్ లేదా కూరగాయల సెక్షన్‌లో ఉన్న షెఫ్‌కు మొదటి జపాన్ కత్తిగా వీజీ10 ఉక్కుతో, రెండు వైపులా సాన ఉన్న 210 లేదా 240 గ్యూతో సరైనది. అలల డిజైను లేకపోతే అదే డబ్బులో ఒక మెట్టు మంచి కత్తి వస్తుంది. ఎముకలకు కిచెన్‌లో ఉన్న బరువు కత్తే వాడాలి, ఎవరైనా అరువడిగితే దాన్నే ఇవ్వాలి. ఆరు నెలలు గడిచాక పెట్టీ అనే చిన్న కత్తి, 150 మిల్లీమీటర్లది, ఒకటి తోడు తెచ్చుకుంటే చిన్న పనులు తేలికవుతాయి. బడ్జెట్ చాలకపోతే కత్తిలో ఒక మెట్టు దిగండి కానీ, 1000 నంబరు రాయిని మాత్రం కత్తితో పాటు అదే బిల్లులో వేయించుకోండి.